అతుకుల బొంత, ఒక పొత్రం

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఆ బొంత కోసం ఒక్క ముక్కయినా కత్తిరించకముందే, దాన్ని చూసి జనం మెచ్చుకుంటే ఏం జవాబు చెప్పాలో తయారు చేసుకున్నాను. "అయ్యో, అదెంత పని, ఖాళీగా ఉండి ఏదో కుట్టాను" అనేది మొదటి జవాబు. అద్దం ముందు అని చూస్తే కాస్త పొగరుగా వినిపించింది. "అంతా అమ్మ నేర్పిందే" అనేది రెండోది. అందులో వినయం బాగానే ఉంది కానీ, పేరంతా అమ్మ కొట్టేసే ప్రమాదం కూడా ఉంది. చివరికి ఏమీ మాట్లాడకుండా తల వంచుకుని చిన్నగా నవ్వడమే మేలని తేల్చుకుని, ఆ నవ్వును కూడా సాధన చేశాను.

నవ్వే అవకాశం మాత్రం రాలేదు. జనం నా బొంతను చూసిన రోజున, నిండు పేరంటంలో, అందులోంచి రుబ్బురోలు పొత్రం జారి శనగల గంగాళంలో పడింది. రెండు కుటుంబాల మధ్య యుద్ధం మొదలైంది. ఇంతటికీ కారణం ఇస్త్రీ పెట్టె అంటే మీరు నమ్మరు. నమ్మిస్తాను, కూర్చోండి.

మేం చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి కింది వాటాలో కిరాయికి ఉంటాం. పైన ఇంటి ఓనరు విజయ ఆంటీ వాళ్లు. వాళ్లమ్మాయి సంధ్యక్క కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మా ఇంట్లోవాళ్లు కాక, ఈ భూమ్మీద నేను నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడే మనిషి సంధ్యక్క ఒక్కతే. మిగతావాళ్లతో నా సంభాషణ తల ఊపడంతో మొదలై తల ఊపడంతోనే ముగుస్తుంది. కూరగాయల బండి దగ్గర వంకాయలు కావాలని చెప్పడానికి సిగ్గేసి, ఆయన ఏది సంచిలో వేస్తే అది తెచ్చి, ఇంటిల్లిపాదికీ వారం పాటు దోసకాయ తినిపించిన చరిత్ర నాది.

పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెలో వేసే వేడుక పెట్టుకున్నారు. సంధ్యక్క అత్తగారు సుగుణమ్మ గారు జనగామలో ఉంటారు. తక్కువ మాట్లాడే మనిషి, కానీ నా తక్కువ వేరు, ఆమె తక్కువ వేరు. నేను మాట్లాడకపోతే ఎవరూ గమనించరు. ఆమె మాట్లాడకపోతే ఇల్లంతా గమనిస్తుంది. తొట్టెలోకి పరుపూ దుప్పటీ తామే పెద్ద షాపులో కొని తెస్తామని ఆమె ఫోన్ చేశారు. సంధ్యక్క ఏ గాలి సోకిందో ఏమో, వద్దత్తమ్మా, మా నీల పాత చీరలతో బొంత కుడుతున్నది, పసిపిల్లకు అదే మెత్తగా ఉంటుంది అని చెప్పేసింది. నీల అంటే నేనే. అప్పటికి నా కుట్టు అనుభవమల్లా ఒక దిండు గలీబు. అదీ ఒక వైపు కుట్టి వదిలేసినది.

"పెళ్లయినంక ఆమెకు వద్దు అని చెప్పుడు గిదే మొదలు," అంది సంధ్యక్క, నన్ను మెట్ల మీద పట్టుకుని. "నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది నీలా. జర మంచిగ కుట్టు."

నేను యథాప్రకారం తల ఊపాను.

పసిపిల్లలకు కొత్త బట్ట కంటే నలుగురు కట్టి విడిచిన పాత చీరలే శ్రేష్ఠమని మా వైపు నమ్మకం. అమ్మా, విజయ ఆంటీ గల్లీ అంతా తిరిగి నూలు చీరలు పోగు చేసుకొచ్చారు. వాటిని మిద్దె మీద పరుచుకుని నేను చతురస్రాలుగా కత్తిరించడం మొదలుపెట్టాను. మొదలుపెట్టాను అంటే, కత్తెర చేతిలో పట్టుకుని కలలు కనడం మొదలుపెట్టానని అర్థం. మధ్యాహ్నపు ఎండలో ఆ పాత చీరలు ఒక్కొక్కటీ తన ఇంటి వాసన వదిలేవి. ఒకదానిలో కర్పూరం, ఒకదానిలో పౌడరు, ఒకదానిలో ఎప్పటిదో ఇంగువ తాలింపు. ముక్కలు వరసగా పేర్చి చూస్తే అది నాకు బొంతలా కనిపించలేదు, మా పేటల్లా కనిపించింది. ఆకుపచ్చ గళ్లన్నీ చిక్కడపల్లి. పసుపు గళ్లు నారాయణగూడ, దారాలు కొనడానికి వెళ్లినప్పుడు అక్కడి షాపుల్లో వేలాడే రవికె గుడ్డల రంగు. నీలం గళ్లు అశోక్‌నగర్, హాస్టళ్ల బాల్కనీల్లో ఆరేసిన జీన్సు ప్యాంట్ల రంగు. గడికీ గడికీ మధ్య అతుకులు గల్లీలు. ఆ గల్లీల్లో వేలితో నడుచుకుంటూ పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా ఊరంతా తిరిగి వచ్చేదాన్ని. పాప ఒకరోజు పాకుతూ పాకుతూ చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చేరుతుందని ఊహించుకుంటే కళ్లు చెమర్చేవి. అప్పటికి ఇంకా ఒక్క కుట్టు కూడా పడలేదని మనవి.

ఇక విద్య నేర్చుకోవాలి. ఇంట్లో ఫోన్లో వీడియో పెడితే అమ్మ పక్కన కూర్చుని, వీడియోలోని మనిషికి కూడా సలహాలిస్తుంది. అందుకని రోజూ వెళ్లే లైబ్రరీకే వెళ్లాను. అక్కడి రీడింగ్ హాల్లో ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు తెల్లవారకముందే కుర్చీలు పట్టుకుంటారు. ఆ నిశ్శబ్దంలో పేజీ తిప్పినా పది తలలు లేస్తాయి. ఇయర్‌ఫోన్లు తమ్ముడి చెవుల్లో శాశ్వతంగా నివాసం ఉంటున్నాయి. కాబట్టి సౌండు పూర్తిగా తీసేసి చూశాను. ఆకుపచ్చ గాజులు వేసుకున్న ఒక పెద్దావిడ అతుకుల బొంత ఎలా కుట్టాలో చూపిస్తోంది. పక్క కుర్చీలో అమ్మాయి ఒకసారి నా ఫోన్లోకి, ఒకసారి నా మొహంలోకి చూసి, "ఏ పోస్టుకు ప్రిపేర్ అయితున్నవ్ అక్కా?" అని గుసగుసగా అడిగింది. నేను తల ఊపాను. ఏ పోస్టుకు తల ఊపానో నాకే తెలియదు.

మీకు ఇక్కడ కొంచెం బొంతశాస్త్రం చెప్పాలి, భయపడకండి. రెండు ముక్కలు కలిపి కుడితే వెనకవైపు రెండు అంచులు మిగులుతాయి. వాటిని ఇస్త్రీ చేసి అణచాలి. రెండు అంచులనూ ఒకే పక్కకు మడిచి అణచడం ఒక పద్ధతి. పుస్తకం తెరిచినట్టు చెరో పక్కకు విప్పి అణచడం ఇంకో పద్ధతి. ఇలా అతికిన పై పొరా, మధ్యలో పాత గుడ్డల మెత్తా, అడుగు పొరా ఒకదాని మీద ఒకటి పరిచి, మూడూ కదలకుండా కలిపి కుట్టాలి. ఆ కుట్టును సరిగ్గా అతుకు గీత వెంబడే, సందులో దాక్కునేలా వేస్తే, బొంత దానంతటదే నిలబడినట్టు కనిపిస్తుంది తప్ప పైకి దారం కనబడదు. కనబడకుండా పని చేసిపోవడం అనే మాటకే నేను పడిపోయాను. అది నాకోసమే పుట్టిన కుట్టు.

గాజులావిడ అంచులు విప్పి అణచడం చూపించింది. చాలా చదునుగా, అందంగా వచ్చింది. తర్వాత ఇంకో బొంతలో సందు కుట్టు చూపించింది. అదీ అందంగా వచ్చింది. మధ్యలో వేలు ఊపుతూ చాలాసేపు ఏదో చెప్పింది. కళ్లు పెద్దవి చేసింది. చివరికి రెండు చెవులూ పట్టుకుంది కూడా. లైక్ కొట్టమని పాపం ఇంతగా బతిమాలుకోవాలా అనుకుని, ఆ భాగం ముందుకు జరిపేశాను. ఈ అందాన్నీ ఆ అందాన్నీ కలిపితే రెట్టింపు అందం కదా.

మా ఇంటి కరెంటు ఇస్త్రీ పెట్టె బరువు చాల్లేదు. అంచులు విప్పితే మళ్లీ ముడుచుకునేవి, అచ్చం నాలాగే. గల్లీ మలుపులో బండి పెట్టుకున్న ఇస్త్రీ అన్న దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, గుడ్డను నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"చెల్లె, ఇది తొడిగేదా, కట్టేదా?"

"కప్పేది," అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

ఉల్టా చేసి అంచులన్నీ విప్పి ఇస్త్రీ కొట్టాలా అని ఆయన అడిగితే తల ఊపాను. చెప్పినపని చెప్పినట్టు చేశాడు. నీళ్లు చల్లి ఆ బరువైన పెట్టె జరుపుతూ పోతుంటే, ఆవిరిలో అంచులు రెక్కల్లా విచ్చుకుని పడుకున్నాయి. నేను ఆ ఆవిరిలోకి చూస్తూ నిలబడ్డాను. వెనకాల ఆటో హారన్ కొడుతున్నా జరగలేదట, తర్వాత ఇస్త్రీ అన్న అమ్మకు చెప్పాడు.

అడుగు పొరకు కూడా అవే రంగులు, అదే వరస, పై అతుకు కింద సరిగ్గా అడుగు అతుకు వచ్చేలా కుట్టి, దాని అంచులు కూడా విప్పించి అణచాను. అతుకుల దగ్గర లావెక్కకూడదని మధ్యలో మెత్తను కూడా గడి గడికీ విడిగా పరిచాను. అమ్మ తొక్కుడు మిషను మీద అతుకు సందుల్లో, వెంట్రుక వాసి పక్కకు పోకుండా, కుట్టు మీద కుట్టు వేసుకుంటూ పోయాను. కుట్టు మీద కుట్టు పడితే రెట్టింపు గట్టి అని నా లెక్క. పూర్తయ్యాక అమ్మ చేత్తో తడిమి చూసింది.

"గింత చదునుగ ఉన్నదేందే? ఇది బొంతనా, అప్పడమా?"

అసూయ అనుకున్నాను. కన్నతల్లి గురించి.

వేడుక రోజు వచ్చింది. పాపను తొట్టెలో వేయడానికి ముందు రుబ్బురోలు పొత్రాన్ని వేస్తారు, పిల్ల రాయిలా గట్టిగా ఉండాలని. మిక్సీలు వచ్చాక పొత్రానికి వేరే ఉద్యోగం దొరికింది. ఆంటీ వాళ్లది మిద్దె మీద వాషింగ్ మిషను మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా ఎగిరిపోకుండా కాపలా కాస్తుంటుంది. దాన్ని దించి, స్నానం చేయించి, పసుపు పూసి, బొట్టు పెట్టి, ఒక ఊలు టోపీ తొడిగి, నా బొంతలో పడుకోబెట్టారు. నిజం చెప్పాలంటే ముద్దుగా ఉంది. తొట్టెకు ఒక పక్కన విజయ ఆంటీ, ఇంకో పక్కన సుగుణమ్మ గారు. ఇద్దరూ బొంత కొసలు పట్టుకుని పొత్రాన్ని తొట్టె కిందుగా ఇటునుంచి అటు, పైనుంచి అటునుంచి ఇటు దాటించాలి. చుట్టూ ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. కింద గంగాళం నిండా పంచిపెట్టడానికి ఉడికించి తాలింపు వేసిన శనగ గుడాలు.

అందరూ బొంతను చూశారు. ఎవరో ఎంత బాగుందో అన్నారు. నేను తల వంచుకుని నవ్వుకు సిద్ధమయ్యాను.

మొదటి చుట్టులో టిక్ అని ఒక చప్పుడు వినిపించింది. ఎవరి పట్టీల మువ్వో అనుకున్నాను. రెండో చుట్టులో టిక్ టిక్ అంది. మువ్వలు చాలా ఉన్నాయే అనుకున్నాను. మూడో చుట్టులో బొంత తొట్టె మీదుగా వస్తుండగా, సిటీ బస్సు తలుపు తెరుచుకున్నట్టు నారాయణగూడకూ అశోక్‌నగర్‌కూ మధ్య గల్లీ బారున విచ్చుకుంది. అందులోంచి పొత్రం టోపీతో సహా దిగింది. దిగి, తొట్టె అంచుకు తగిలి, గంగాళంలో పడింది.

గుడాలు లేచిన ఎత్తు నేను చెబితే అబద్ధమంటారు. ఫ్యాను రెక్కలకు తగిలి గది నలుమూలలా పడ్డాయని మాత్రం చెబుతాను. పంచాల్సిన శ్రమ లేకుండా అందరి ఒళ్లోకీ సమానంగా చేరాయి. పాట ఆగిపోయింది. విజయ ఆంటీ చేతిలో చిక్కడపల్లి మిగిలింది, సుగుణమ్మ గారి చేతిలో అశోక్‌నగర్ మిగిలింది. పాప సంధ్యక్క భుజం మీద నిద్రపోతోంది, ఆ తల్లి చల్లగా ఉండాలి.

"ఎవరి కన్ను పడ్డదో ఏమో," అంది విజయ ఆంటీ. "పొద్దటి సంది మంచిగనే ఉండె."

సుగుణమ్మ గారు చీర మీది శనగ ఒకటి తీసి పక్కన పెట్టారు. "పొద్దటి సంది మేం లేం వదినా. మేం వచ్చినంకనే గదా చినిగింది."

"నేను గట్లన్ననా?"

"అనలే. అన్నట్టే ఉన్నది."

అక్కడినుంచి మాట మాట మీద ఎక్కింది. సుగుణమ్మ గారి వైపు వాళ్లు ఆమె వైపు చేరారు, ఆంటీ వైపు వాళ్లు ఆంటీ వైపు చేరారు. కాన్పు ఆసుపత్రి ఎవరు చెప్పారు, పెళ్లిలో ఎవరికి ఏ గది ఇచ్చారు అనే సంగతులన్నీ లేచి వచ్చాయి. ఎవరో మిరపకాయలు దిష్టి తీయడానికి తెచ్చారు. అది ఎవరి దిష్టి అని ఇంకో తగువు. సుగుణమ్మ గారి బంధువు ఒకావిడ సంచిలోంచి ఎలుగుబంటి బొమ్మలున్న షాపు దుప్పటి తీసి, ఎందుకైనా మంచిదని తెచ్చామని చెప్పింది. సుగుణమ్మ గారు కోడలి వైపు తిరిగారు.

"నీ మాట మీద ఊకున్న సంధ్యా."

అంతే అన్నారు. సంధ్యక్క తల దించుకుంది. నేను సాధన చేసిన తల వంచడం అలాంటిది కాదు.

నేను తలుపు కర్టెను వెనకాల ఉన్నాను. ఎక్కడ తప్పు జరిగిందో తెలిస్తే కానీ ఊపిరాడేలా లేదు. ఫోన్ తీసి, గాజులావిడ చెవులు పట్టుకున్న చోటికి వీడియో జరిపాను. అది లైబ్రరీ కాదన్న సంగతీ, పొద్దున్నే జోలపాటలు పెట్టడానికి ఆంటీ నా ఫోన్ సౌండు పూర్తిగా పెంచిన సంగతీ మరిచిపోయాను. సరిగ్గా యుద్ధం ఒక క్షణం ఊపిరి తీసుకున్నప్పుడు, కర్టెను వెనకనుంచి కోస్తా యాసలో ఒక తియ్యటి గొంతు గది నిండా మోగింది.

"అమ్మాయిలూ, చెవులు పట్టుకుని చెప్తున్నాను. అంచులు విప్పి ఇస్త్రీ చేసినచోట మాత్రం, చచ్చినా సందులో కుట్టకండమ్మా. అక్కడ గుడ్డ ఉండదు, దారమే ఉంటుంది. సూది ఆ దారాన్నే పొడుచుకుంటూ పోతుంది. ఆనక బొంత విడిపోయిందని నన్ను తిట్టుకోవద్దు."

కర్టెను తొలగింది. సుగుణమ్మ గారు ఎదురుగా నిలబడ్డారు.

"ఎవరామె?"

"వీడియోల ఆమె, పెద్దమ్మా."

"వద్దన్నట్టే నువ్వు కుట్టినవా?"

తల ఊపబోయి ఆగాను. జీవితంలో మొదటిసారి తల ఊపడం సరిపోదనిపించింది. "అవును," అన్నాను.

"గింత మొత్తుకుంటుంటే ఇనలేదా?"

"లైబ్రరీల చూసిన. ఆడ సౌండ్ పెట్టొద్దు."

"చెవులు పట్టుకుంటుంటే ఏమనుకున్నవ్ మరి?"

"లైక్ కొట్టుమంటున్నది అనుకున్న."

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత గదంతా నవ్వింది, రెండు వైపులా కలిసి. మిరపకాయలు పట్టుకున్నావిడ నవ్వీ నవ్వీ వాటిని గంగాళంలోనే పడేసింది. సుగుణమ్మ గారు నవ్వారో లేదో తెలియదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వుల మధ్యే నేను ఇంకో మాట అన్నాను. నా రికార్డులో అదే అతి పెద్ద ఉపన్యాసం. "అక్క తప్పు ఏం లేదు పెద్దమ్మా. నన్ను నమ్మింది, అంతే."

యుద్ధం ఆగింది. కానీ పాపను ఎలుగుబంట్ల దుప్పట్లోనే పడుకోబెట్టారు. సంధ్యక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే హాయిగా ఉండేది.

మర్నాటినుంచి మిద్దె మీద మళ్లీ నేనూ, ఎండా, ఆ ముక్కలూ. ఈసారి వీడియో సౌండుతో విన్నాను, అమ్మతో కలిసి. అమ్మ గాజులావిడకు సలహాలిచ్చింది. నేను ఇద్దరికీ అడ్డు చెప్పలేదు. మిగిలిన కుట్లన్నీ విప్పి, ముక్కలు మళ్లీ అతికి, అంచులన్నీ ఒక్క పక్కకు మడిపించి ఇస్త్రీ చేయించాను. లోపలి మెత్త కోసం ఈసారి ముక్కలు కాక పాత పంచె ఒకటి నిండుగా పరిచాను. అడుగున అతుకు లేని చీర వేశాను. అతుకు పక్కనే, మడత లేని పల్లపు వైపు గుడ్డ మీద, జాగ్రత్తగా కుట్టు వేశాను. పని నెమ్మదిగా సాగింది. మధ్య మధ్య కలలు కూడా సాగాయి, అవి లేకపోతే నాకు సూదిలో దారం ఎక్కదు. చివరికి మిద్దె మీది రెండు గుంజలకు బొంతను ఊయలలా కట్టి, పొత్రాన్ని అందులో పడుకోబెట్టి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఊపాను. పక్కింటి వాళ్లు చూశారు. ఎదురింటి వాళ్లు చూశారు. రాయికి జోల పాడుతున్న పిల్లకు సంబంధాలు వస్తాయా అని అమ్మ కుమిలిపోయింది. ఒక్క టిక్ కూడా వినిపించలేదు.

మూడో నెలలో సంధ్యక్కను తీసుకెళ్లడానికి సుగుణమ్మ గారు కారులో వచ్చారు. సామాన్లన్నీ ఎక్కాయి, మనుషులూ ఎక్కారు. నేను బొంత మడిచి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఎలా ఇవ్వాలో తెలియక, కారు తలుపులోంచి చేయి చాచి ఊరికే పట్టుకున్నాను, బస్సులో టికెట్ చూపించినట్టు. సుగుణమ్మ గారు అందుకుని దిగారు. బొంతను మొత్తం విప్పారు. ఒక కొస తన చేతికి చుట్టుకుని, రెండో కొస డ్రైవరుకు ఇచ్చి, గట్టిగా పట్టమన్నారు. గల్లీ మధ్యలో ఇద్దరూ చెరో వైపు లాగారు. నేను కళ్లు మూసుకున్నాను.

ఏ చప్పుడూ రాకపోయేసరికి కళ్లు తెరిచాను. సుగుణమ్మ గారు పాప మీదినుంచి ఎలుగుబంట్ల దుప్పటి తీసి మడిచి డిక్కీలో పెట్టించారు. పాపను బొంతలో చుట్టి సంధ్యక్క ఒళ్లో పడుకోబెట్టారు.

"నీ మాట మంచిదే సంధ్యా," అన్నారు.

సంధ్యక్క నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వును ఏ అద్దం ముందూ సాధన చేసి ఉండదు.

అప్పుడే, ఆ గేటు దగ్గరే, నేను మనసులో ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇక బొంత జోలికి పోను. అతుకు విప్పను, మడవను, సందు కనబడితే తల తిప్పుకుపోతాను. పాత చీర ఎదురైతే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను. వీడియోలో ఎవరైనా చెవులు పట్టుకుంటే, ఎక్కడ ఉన్నా సరే, లేచి బయటికి పోయి, నిలబడి, చివరిదాకా వింటాను. ఇది సత్యం, ఇది సత్యం, ఇది సత్యం.

కారు కదిలింది. నాలుగడుగులు పోయి ఆగింది. అద్దం దిగింది. సుగుణమ్మ గారు తల బయటపెట్టి నన్ను దగ్గరికి పిలిచారు.

"పిల్లా, ఇంకొకటి కుట్టు. నాకు గూడ చలి పెడ్తది."